తాత పోయిన ఏడాదిలో ఆయన జ్ఞాపకాలు కూడబెట్టుకోవడం: ఏది ముందు, ఏది తర్వాత

తాత పోయిన ఇంట్లో ఏం చేయాలో చెప్పేవాళ్లకు కొదవ ఉండదు. పదో రోజు ఏం వండాలి, పదకొండో రోజు ఎవరిని పిలవాలి, అన్నీ వాళ్లకు నోటికే వచ్చు. ఆయన గొంతు ఎక్కడ దాచాలి, ఆయన రాసుకున్న డైరీలు ఏం చేయాలి అని అడిగితే మాత్రం ఎవరూ పలకరు. తిరుపతి, చిత్తూరు వైపు మనవళ్లూ మనవరాళ్లూ పదేపదే అడిగేది ఇదే కాబట్టి పని వరుస ఇక్కడ రాస్తున్నాను.

గుర్తుపెట్టుకోవాల్సిన సూత్రం ఒకటే: ఏది తొందరగా పోతుందో దాన్ని ముందు పట్టుకోవాలి. చాలామంది ముందు పెద్ద ఫోటో ఫ్రేము కట్టిస్తారు. ఫోటో ఆర్నెల్లు ఆగినా ఏమీ కాదు. ఫోను ఆగదు, బట్టలు ఆగవు, ఆయన ఈడు మనుషులు అసలే ఆగరు.

1. మొదటి మూడు రోజుల్లో రాసిపెట్టుకోవాల్సినవి

ఇంట్లో ఒకరు నోట్‌బుక్ పట్టుకోవాలి. కర్మ చేసే మనిషికి ఈ పని పెట్టొద్దు, ఆయనకు తీరిక ఉండదు. కోడలో, మనవరాలో అయితే నయం.

- ప్రాణం పోయిన తేదీ, సమయం గంటా నిమిషాలతో సహా, ఊరు
- పంచాంగం చూసి మాసం, పక్షం, తిథి
- ఆధార్‌లో ఉన్న పేరు, ఊళ్లో పిలిచే పేరు, రెండూ
- ఎవరెవరు వచ్చారు, ముఖ్యంగా మీకు ముఖపరిచయం లేనివాళ్లు (వీళ్లతో తర్వాత పని ఉంది)

సమయం ఎందుకంటే, సంవత్సరీకం తేదీని బట్టి రాదు, తిథిని బట్టి వస్తుంది. తిథి మధ్యాహ్నం మారవచ్చు, అర్ధరాత్రీ మారవచ్చు. "రాత్రి ఎప్పుడో పోయాడు" అని వదిలేస్తే ఏడాది తర్వాత బాబాయిలిద్దరూ రెండు రోజులు చెబుతారు. అధికమాసం పడిన ఏడాది లెక్క ఇంకా తికమక. 2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. అలాంటి ఏడాదిలో నెలనెలా పెట్టే మాసికాలూ ఒకటి పెరుగుతాయి. చిత్తూరు వైపు తమిళం మాట్లాడే ఇళ్లలో సౌరమానం నెల, అంటే సూర్యుణ్ణి బట్టి లెక్కించే నెల, పట్టిస్తారు. మీ ఇంటి పద్ధతి ఏదో పురోహితుణ్ణి మొదటి వారంలోనే అడిగి రాసుకోండి.

మరణ నమోదు 21 రోజుల్లోపు చేయించాలి. ఆలస్యమైతే రుసుము, 30 రోజులు దాటితే పై అధికారుల అనుమతులు, అదనపు కాగితాలు. పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా బ్యాంకులో తిప్పలే, అందుకే ఆధార్ ముందు పెట్టుకుని రాయించండి.

2. పెద్దకర్మ లోపల పక్కన పెట్టాల్సినవి

బట్టలు, మంచం, చెప్పులు ఇచ్చేసే ఆచారం చాలా ఇళ్లలో ఉంది. ఇవ్వండి, తప్పులేదు. కానీ ఇచ్చేముందు అవ్వను అడిగి నాలుగు వస్తువులు తీసి పెట్టండి. ఆ రోజు హడావిడిలో ఎవరో మూటగట్టి పంపించేస్తే మళ్లీ దొరకవు.

ఏవి ఉంచాలి? ఖరీదైనవి కాదు, చేతిలో అరిగినవి. కళ్లజోడు, వాచీ, తుండు, సంతకు తీసుకెళ్లిన సంచీ, పొడుం డబ్బీ, మామిడితోపులో వాడిన కత్తి. ఒక చొక్కా ఉతక్కుండా, బాగా ఆరనిచ్చి, గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో కట్టి పెట్టండి. కొన్నాళ్ల దాకా ఆయన వాసన ఉంటుంది. తడి ఉంటే మాత్రం బూజు పడుతుంది.

ఉంగరం, వాచీ లాంటివి ఎవరికి అన్న మాట పెద్దకర్మ రోజు ఎత్తొద్దు. అన్నీ ఒక పెట్టెలో పెట్టి తాళం అవ్వకివ్వండి. పంపకం సంవత్సరీకం తర్వాత.

3. ఫోను: మొదటి నెలలోనే

తాత ఫోను మనవడికి ఆడుకోవడానికి ఇచ్చేయడం, సిమ్ తీసి పారేయడం, రీసెట్ కొట్టడం. ఎక్కువగా జరిగే నష్టాలు ఈ మూడే. ఇలా చేయండి:

1. ఫోను చార్జింగ్ పెట్టి, తాళం నమూనా (ప్యాటర్న్) ఎవరికి తెలుసో కనుక్కోండి. ఆయనకు రీచార్జి చేసిపెట్టిన పిల్లకాయలకు తప్పకుండా తెలిసి ఉంటుంది. తెలియకపోతే అదేపనిగా ఊహిస్తూ నొక్కొద్దు.
2. సిమ్‌కు రీచార్జి ఆపొద్దు. బ్యాంకు, పింఛను, గ్యాసు పనులన్నీ ఆ నంబరుకే ముడిపడి ఉంటాయి. వాడకుండా వదిలేస్తే నంబరు పోతుంది. వాట్సాప్ ఖాతా 120 రోజులు కదలిక లేకపోతే మామూలుగా తీసేస్తారు.
3. ఆండ్రాయిడ్ ఫోన్లో ఫైల్స్ తెరిచి ఆండ్రాయిడ్, మీడియా, కామ్.వాట్సాప్, వాట్సాప్, మీడియా, వాయిస్ నోట్స్ అనే వరుసలో వెళ్లండి. ఫోల్డరు మొత్తం కంప్యూటర్లోకి కాపీ చేయండి.
4. ఆయన ఫోను తెరుచుకోకపోయినా దిగులు పడొద్దు. ఆయన పంపిన మాటలు వినినవాళ్ల ఫోన్లలో ఉంటాయి. బెంగుళూరులో ఉండే మేనత్త ఫోన్లో, కుటుంబ గ్రూపులో వెతకండి. ఆ చాట్ తెరిచి ఎక్స్‌పోర్ట్ కొట్టి, మీడియాతో సహా అని ఎంచుకోండి.
5. కాల్ రికార్డింగుల ఫోల్డరు కూడా చూడండి. "అన్నం తిన్నావా, బస్సు ఎక్కినావా" అనే అర నిమిషం కాల్, పెళ్లిలో మైకు ముందు మాట్లాడించిన వీడియో కంటే విలువైంది.

బటన్ల ఫోను అయితే కాంటాక్టుల పేర్లు ఉన్నవున్నట్టు రాసుకోండి. "పాలాయప్ప", "మోటరు మెకానిక్", "చిన్నపాప కొత్త" అని ఆయన పెట్టుకున్న పేర్లే ఆయన లోకానికి పటం.

ఆయన ఫోన్లోని యూపీఐతో డబ్బు తీయడం మాత్రం వద్దు. నామినీ ద్వారా బ్యాంకులో అడగడమే పద్ధతి.

4. పెద్దవాళ్ల మాటలు: రెండో నెల నుంచి

అన్నిటికంటే పెద్ద పని ఇదే, అందరూ వాయిదా వేసేదీ ఇదే. తాతతో కలిసి చదువుకున్నవాళ్లు, చెరకు గానుగ దగ్గర బెల్లం వండినవాళ్లు, ఒకే బస్సులో ఉద్యోగానికి పోయినవాళ్లు ఎనభై దాటి ఉంటారు. వయసును బట్టి జాబితా రాయండి, అందరికంటే పెద్దవాళ్ల దగ్గరికి ముందు వెళ్లండి. చావుకు వచ్చిన, మీకు తెలియని ముఖాల పేర్లు నోట్‌బుక్‌లో ఉన్నాయిగా, వాళ్లనీ చేర్చండి.

అవ్వను మొదటి నెలలో కదిలించొద్దు. తర్వాత కూడా మధ్యాహ్నం భోజనం అయ్యాక, సీరియల్ మొదలయ్యే లోపల కూర్చోండి. సీరియల్ మొదలైతే తాత గురించైనా సరే, సమాధానాలు పొడిపొడిగా వస్తాయి.

రికార్డింగుకు వేరే యంత్రం అక్కర్లేదు. ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, మడిచిన తువ్వాలు మీద, మాట్లాడే మనిషికి జానెడు దూరంలో ఉంచండి. ఫ్యాను ఆపండి. మిద్దె మీద అయితే గాలి శబ్దమే వినిపిస్తుంది, లోపలి గదే మేలు. మొదటి నిమిషం రికార్డు చేసి ఒకసారి విని చూసుకోండి.

అడిగే తీరు ముఖ్యం. "తాత ఎలాంటి మనిషి?" అంటే ఎవరైనా "దేవుడు లాంటి మనిషి నాయనా" అంటారు, కథ అక్కడితో సరి. చిన్నవి, చేతికి అందేవి అడగండి:

- పొద్దున లేచీ లేవగానే ఏం చేసేవాడు?
- డబ్బు ఎక్కడ దాచేవాడు?
- సంతలో ఎద్దుకు బేరం ఎట్లా ఆడేవాడు?
- ఎవరితో మాటలు మానేశాడు, మళ్లీ ఎట్లా కలిశారు?
- గంగజాతరకు ఏ వేషం కట్టినాడు?
- కోపమొస్తే ఏం మాట అనేవాడు?

చివరి ప్రశ్నకు వచ్చే జవాబును సరిదిద్దకుండా ఉంచండి. చేతికి ఒక వస్తువో ఫోటోనో ఇచ్చి అడిగితే మాట ఇంకా సులువుగా వస్తుంది. పాత సంచీ చూడగానే "ఇది పీలేరు సంతలో కొన్నాడు, పావలా తగ్గించేదానికి గంటసేపు నిలబెట్టినాడు నన్ను" అని అవ్వే మొదలుపెడుతుంది. ప్రశ్న ఇక అక్కర్లేదు.

సంవత్సరాలు అడిగితే ఎవరికీ గుర్తుండవు. ఆనవాళ్లు ఇచ్చి అడగండి: ఎన్టీఆర్ తిరుపతిలో నిలబడిన 1983 ఎన్నికలకు ముందా తర్వాతా? 2003 అక్టోబరులో అలిపిరి పేలుడు నాటికి ఇల్లు కట్టేశారా? 2021 నవంబరు వరదప్పుడు తాత ఎక్కడున్నాడు? తెలుగు సంవత్సరం పేరు చెబితే ఇంకా మంచిది, అరవై ఏళ్లకొకసారి అదే పేరు తిరిగొస్తుంది కాబట్టి లెక్క కుదురుతుంది. పార్థివ అంటే 1945–46, మళ్లీ 2005–06. బడి కాగితంలో పుట్టినతేదీ జూలై 1 అని ఉంటే నమ్మొద్దు, అది చాలామందికి అయ్యవారు వేసిన తేదీ.

ఇక్కడ జరిగే పొరపాట్లు:

*అందరినీ ఒకేసారి కూర్చోబెట్టడం.* గొంతు పెద్దదైన మామయ్యే అన్నీ చెబుతాడు. ఒక్కొక్కరినీ విడిగా అడగండి.

*ఇద్దరు రెండు రకాలుగా చెబితే ఒకటి కొట్టేయడం.* రెండూ రాయండి, ఎవరు చెప్పారో పేరుతో సహా.

*భాగపరిష్కారాల గొడవ రికార్డులో పడటం.* పొలం గట్టు మాట రాగానే రికార్డింగు ఆపి, కాఫీ తెమ్మనండి. ఆ మాటలు తర్వాత ఎవరి చేతికి చిక్కుతాయో చెప్పలేం.

*మాటను పుస్తకభాషలోకి మార్చడం.* "మీ తాత పిలకాయల్ని ఒక దెబ్బ కొట్టినోడు కాదురా" అన్నదాన్ని "మీ తాతగారు పిల్లలను ఎన్నడూ దండించలేదు" అని రాస్తే చెప్పిన మనిషీ పోతుంది, తాతా పోతాడు. వేలూరు, గుడియాత్తం వైపు చుట్టాలు తమిళంలో చెబితే తమిళంలోనే ఉంచి, కింద తెలుగులో అర్థం రాయండి.

5. ఫోటోలు: మూడో నెల నుంచి ఆరో నెల దాకా

ఆల్బం చేతికి రాగానే ఫోటోలు ఊడదీయొద్దు. ముందు ప్రతి పేజీని ఫోనుతో ఉన్నదున్నట్టు తీయండి. ఏ ఫోటో పక్కన ఏది ఉందో తెలిస్తే సగం కథ తెలుస్తుంది.

జిగురు పేజీల ఆల్బంలో ఫోటో గట్టిగా అతుక్కుంటే గోరుతో లాగొద్దు. పళ్లు శుభ్రం చేసుకునే డెంటల్ ఫ్లాస్ దారాన్ని ఫోటో వెనక నెమ్మదిగా రంపంలా లాగితే వస్తుంది. పాత ఫ్రేములో ఫోటో అద్దానికి అంటుకుపోయి ఉంటే అసలు విడదీయొద్దు, అద్దంతోనే స్కాన్ చేయించండి. నీళ్లు చల్లి విడదీస్తామని ఎవరైనా అంటే ఇవ్వకుండా వెనక్కి వచ్చేయండి.

స్కానింగ్ చేయించేటప్పుడు అడగాల్సినవి:

- పాస్‌పోర్టు సైజు, చిన్న ఫోటోలు 600 డీపీఐలో (అంగుళానికి పడే చుక్కల లెక్క), పెద్దవి కనీసం 300లో
- ఫోటో వెనకవైపు కూడా (స్టూడియో ముద్ర, చేతిరాత అక్కడే ఉంటాయి)
- రంగు దిద్దని మూల ప్రతి విడిగా, దిద్దినది విడిగా
- నెగటివులు దొరికితే అవి ముందు

గ్రూపు ఫోటోల్లో పేర్లు పట్టడానికి ఒక సులువు ఉంది. ఫోటోను పెద్ద కాగితం మీద ప్రింటు తీసి, తలల మీద అంకెలు వేసి, కింద గీతలు గీసి పెద్దవాళ్ల చేతికివ్వండి. ఫోను తెర మీద చూపిస్తే వాళ్లకు కళ్లు ఆనవు, వేలు తగిలి ఫోటో జరిగిపోతుంది. అసలు ఫోటో వెనక బాల్ పెన్నుతో రాయొద్దు, అచ్చు ముందుకు తేలుతుంది. మెత్తని పెన్సిలు చాలు.

ఫైలు పేరు సంవత్సరంతో మొదలుపెట్టండి: 1974_చంద్రగిరి_పెళ్లి_తాత_చిన్నతాత. సంవత్సరం కచ్చితంగా తెలియకపోతే 1970ల అని రాయండి.

మూడు ప్రతులు ఉండాలి. ఇంట్లో హార్డ్ డిస్కు, ఆన్‌లైన్‌లో ఒకటి, వేరే ఊళ్లో చుట్టాలింట్లో ఒక పెన్ డ్రైవు. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే నాణ్యత తగ్గుతుంది, డాక్యుమెంటుగా పంపండి. పెళ్లి వీడియో కేసెట్టు మీద తెల్లటి బూజు కనిపిస్తే వీసీఆర్‌లో పెట్టి ఆడించి చూడొద్దు, టేపు అక్కడే పాడవుతుంది. అలాంటివి మార్చిపెట్టేవాళ్లకే ఇవ్వండి.

6. డైరీలు, కాగితాలు

మన వైపు తాతలు చాలామంది టీటీడీ డైరీల్లో ఇంటి లెక్కలు రాశారు. ఒక పేజీ తీసి చూడండి: పాలు లీటరు, చెనిక్కాయ నూనె, మోటరుకు కొత్త బేరింగు, కూతురికి బస్సు చార్జీ. కింద, పేజీ మూలన, చిన్నగా "వాన" అని ఒక్క మాట. ఈ లెక్కలు చిత్తుకాగితాలవాడికి పోవడం చాలా ఇళ్లలో జరుగుతుంది. పేజీలన్నీ స్కాన్ చేయలేకపోతే పండగల వారాలు, పిల్లలు పుట్టిన నెలలు, ఇల్లు కట్టిన ఏడాది తీసుకోండి.

పాత కాగితాలకు లామినేషన్ చేయించొద్దు, సెల్లోటేపు అంటించొద్దు. రెండూ తిరిగి తీయలేనివి. మడతలు నెమ్మదిగా విప్పి, కాగితపు కవరులో పడుకోబెట్టండి. బీరువా గోడకు ఆనకుండా నాలుగు వేళ్ల దూరం జరిపితే చెదలు ఎక్కేది ముందే కనిపిస్తుంది.

ఊరి పేర్ల దగ్గర జాగ్రత్త. 1911 ఏప్రిల్‌కు ముందు కాగితాల్లో ఉత్తర ఆర్కాటు జిల్లా అని ఉండవచ్చు. తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలోదే. తిరుపతి జిల్లా వచ్చింది 2022 ఏప్రిల్ 4న. కాబట్టి కాగితంలో ఉన్న పేరే రాసి, పక్కన ఇప్పటి జిల్లా పేరు చేర్చండి. దిద్దితే తర్వాత రికార్డులు వెతికేవాళ్లకు దారి తప్పుతుంది.

7. గోడ మీది ఫోటో

స్టూడియోలో మొదట అడిగేది "కోటు వేయమంటారా సార్?" అని. వద్దనండి. జీవితంలో ఏనాడూ కోటు తొడగని మనిషికి పోయాక టై కట్టడం నాకైతే నచ్చదు. పంచె, భుజాన తుండు ఉన్న ఫోటో ఉంటే అదే. ఇప్పుడు కంప్యూటర్‌తో ముఖం నున్నగా చేసి, లేని నవ్వు కూడా పెట్టేస్తున్నారు. అవ్వకు చూపించి "ఇది మీ ఆయనేనా?" అని అడిగాకే ప్రింటుకివ్వండి.

పది బై పన్నెండు అంగుళాల ఫ్రేముకు ఫైలు 3000 బై 3600 పిక్సెళ్లు ఉంటే చక్కగా వస్తుంది. ఫ్రేములో ఎప్పుడూ నకలే పెట్టండి, అసలు ఫోటో పెట్టెలో. అద్దానికీ ఫోటోకూ మధ్య మౌంటు (అంచుల చుట్టూ వేసే అట్ట) వేయించండి, లేకపోతే తేమకు అంటుకుంటుంది. ఎండ నేరుగా పడే గోడ, వంటింటి పొగ తగిలే గోడ వద్దు. చాలా ఇళ్లలో దక్షిణపు గోడకు పెడతారు, దేవుడి పటాల మధ్య పెట్టరు. మీ ఇంటి పద్ధతి చూసుకోండి.

8. చిన్న పుస్తకం: తొమ్మిదో నెలలో మొదలు

నలభై పేజీలు చాలు. పెద్దది చేద్దామని కూర్చుంటే సంవత్సరీకానికి పూర్తవదు. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీల సంఖ్య నాలుగుతో భాగించబడాలి, అది ముందే లెక్క చూసుకోండి.

ఏం పెట్టాలి: వంశవృక్షం, పది పదిహేను ఫోటోలు పేర్లతో, పెద్దవాళ్లు చెప్పిన సంగతులు వాళ్ల మాటల్లోనే, డైరీ పేజీ ఒకటి రెండు, ఆయన వాడే సామెతలు, అవ్వ చేతి వంటల్లో ఆయనకు ఇష్టమైన ఊరిబిండి, సంగటి కొలతలు. వంశవృక్షంలో కూతుళ్ల పిల్లల్ని వదిలేయడం మన దగ్గర మామూలు తప్పు. వాళ్లూ మనవళ్లే, వాళ్లకూ ఆయన తాతే. ఫోన్ నంబర్లు, ఆధార్ కాగితాలు పుస్తకంలోకి రానీయొద్దు.

డీటీపీ సెంటర్లో ఒక మాట గట్టిగా చెప్పాలి. చాలాచోట్ల 'అను' (Anu) అనే పేరున్న ఫాంట్లలో కొడతారు. ప్రింటుకు బాగానే ఉంటుంది కానీ, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో, రేపు మీ పిల్లలు తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. పీడీఎఫ్‌తో పాటు, ఏ కంప్యూటర్లోనైనా తెలుగు కనిపించే యూనికోడ్ ఫైలు కూడా కావాలని డబ్బు ఇచ్చే ముందే అడగండి. ప్రూఫు ఇద్దరు చూడాలి, అందులో ఒకరు పేర్లు తెలిసిన పెద్దవాళ్లు.

9. సంవత్సరీకం రోజు

మధ్యాహ్నం దాకా కర్మదే ఆ రోజు. కపిలతీర్థం దగ్గర చేసినా, ఇంట్లో చేసినా, మధ్యలో పుస్తకం పంచడం, వీడియో వేయడం పెట్టుకోవద్దు. ఏడాది దాకా కొండ ఎక్కకూడదన్న పట్టింపు ఉన్న ఇళ్లు తిరుపతిలో చాలా ఉన్నాయి. అలాంటివాళ్లు తిరుమల ప్రయాణం కూడా అదే రోజుకు ముడిపెట్టి టికెట్లు తీసుకోకుండా, తర్వాతి వారానికి పెట్టుకోండి.

భోజనాలు అయ్యాక, చుట్టాలు వసారాలో చేరాక:

1. అవ్వకు ముందురోజే చెప్పండి, "రేపు తాత గొంతు వినిపిస్తాం" అని. చెప్పకుండా వినిపిస్తే తట్టుకోలేదు. వద్దంటే ఆమె లేనప్పుడు వినండి.
2. ఒక్క రికార్డింగు, ఒక్క నిమిషం. ఎక్కువ వద్దు.
3. పుస్తకాలు ఇవ్వండి, తప్పులు కనిపిస్తే పెన్సిలుతో దిద్ది ఇమ్మనండి. కొత్త సంగతులు ఎక్కువగా బయటపడేది అప్పుడే, కాబట్టి ఒకరి ఫోను రికార్డింగులో ఉండాలి.
4. పెట్టె తెరిచి వస్తువులు ఎవరికి ఏది అన్నది అవ్వ నోటితోనే చెప్పించండి, నోట్‌బుక్‌లో రాయండి.

అన్నదానం చేయాలనుకుంటే ఆ ఖర్చు ముందే విడిగా తీసి పెట్టండి, పుస్తకం ఖర్చుతో కలిపితే రెండూ తగ్గిపోతాయి.

10. ఆ తర్వాత ఏటేటా

పెద్దల అమావాస్య నాడు పెద్దలకు పెట్టుకునే ఇళ్లలో అదే రోజు ఒక పని కలుపుకోండి: హార్డ్ డిస్కు కంప్యూటర్‌కు తగిలించి నాలుగు ఫైళ్లు తెరిచి చూడటం. ఆన్‌లైన్ ఖాతాలోకి ఒకసారి లాగిన్ అవ్వడం, ఎందుకంటే గూగుల్ ఖాతా రెండేళ్లు తెరవకపోతే తీసేయవచ్చు. పాస్‌వర్డు కనీసం ఇద్దరికి తెలిసి ఉండాలి, అందులో ఒకరు పాతికేళ్ల లోపువాళ్లు. డిస్కు తెరుచుకోకపోతే చుట్టాలింట్లోని పెన్ డ్రైవు తెప్పించి, కొత్త డిస్కులోకి కాపీ చేసి, పెన్ డ్రైవును మళ్లీ ఆ ఊరికే పంపించేయండి.